గాలిలో ఆగిన దూలం

దూలం గాలిలో ఉండగా విజిల్ మోగింది.

రైలు పెట్టెంత పొడవున్న ఉక్కు దూలం అది. టవర్ క్రేన్ కొక్కేనికి వేలాడుతూ స్తంభాల వైపు మెల్లగా వెళుతోంది. దాన్ని రెండు స్తంభాల మీద కూర్చోబెడితే పెలాంగో ద్వీపరాజ్యంలో మేం కడుతున్న వివాద పరిష్కార భవనానికి పైకప్పు వచ్చేసినట్టే. నిదానంగా ఒక కాఫీ తాగేంత సేపటి పని.

విజిల్ ఊదినవాడు బెలూకో. మా పనిమీద ఆ దేశ ప్రభుత్వం నియమించిన నాణ్యతా పరిశీలకుడు. మా క్యాంటీన్ వరండాలో నిలబడి, కళ్ళకి బైనాక్యులర్స్ పెట్టుకుని, పైకి చూస్తున్నాడు.

"దూలం మీద రంగు ఉంది," అన్నాడు.

ఉంది. పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాం. ఒక నిమ్మకాయ కోశాం, ఒక కొబ్బరికాయ కొట్టాం. మా కంపెనీ రాజమండ్రిది. పసుపూ కుంకుమా లేకుండా మొదటి దూలం లేపితే మా క్రేన్ ఆపరేటర్ తవిటినాయుడు లీవర్ ముట్టుకోడు. ఆ మాటకొస్తే సైట్ మేనేజర్నైన నేనూ ముట్టుకోనివ్వను. నా పేరు చిట్టూరి ప్రభాకరం. ఇంజనీరింగ్ చదివాను కానీ, నిమ్మకాయని కాదనేంత చదువు కాదు.

ఇక్కడ మా వైపునుంచి జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ముహూర్తం పెట్టింది మా చైర్మన్ గారి సిద్ధాంతి. ఆయన రాజమండ్రి గడియారం చూసి పెట్టాడు. పెలాంగోలో అప్పుడు ఎంతవుతుందో కూడా చూడమనాలన్న ఆలోచన చైర్మన్ గారికి రాలేదు, నాకు వచ్చినా అనే ధైర్యం రాలేదు. అలా తెల్లవారుజామున లేవాల్సిన దూలం ఆ దేశంలో సరిగ్గా భోజనాల వేళకి లేచింది. బెలూకో మా సైట్‌కి వచ్చేది ఆ ఒక్క వేళకే. మా క్యాంటీన్ చేపల పులుసంటే ఆయనకి ప్రాణం.

ఆయన జేబులోంచి ఊదారంగు నోటీసు తీసి, రాసి, గేటు దగ్గర నా చేతిలో పెట్టాడు.

"ఒప్పందం ప్రకారం దూలం ఆసాంతం బూడిదరంగులో ఉండవలెను. పసుపు, ఎరుపు రంగులు గమనించడమైనది. వివాదం ప్రారంభమైనది," అన్నాడు.

తడిగుడ్డతో తుడిచేస్తామన్నాను. సాక్ష్యాన్ని తుడిచేస్తానని ఒక మనిషి అంత మామూలుగా అనడం తన ఉద్యోగ జీవితంలో వినలేదన్నాడు. తర్వాత చట్టం వివరించాడు. పెలాంగోలో వివాదం మొదలైన క్షణాన స్థలంలో ఏది ఎలా ఉందో, తీర్పు వచ్చేదాకా అది అలాగే ఉండాలి. కదులుతున్నది కదులుతూ ఉండాలి, ఆగినది ఆగి ఉండాలి. విజిల్‌కి ఆగిన దూలం గాలిలో ఉంది కనుక గాలిలోనే ఉండాలి. ఆపరేటర్ క్యాబిన్‌లో ఉన్నాడు కనుక క్యాబిన్‌లోనే ఉండాలి. ఎవరు కాదన్నా జైలు. జైలుశిక్ష ఎంతకాలమంటే, వివాదం తేలేదాకా.

కూలీలంతా గేటు బయట క్యాంటీన్లో భోజనాల్లో ఉన్నారు కాబట్టి బతికిపోయారు. నా విషయంలో బెలూకో కాసేపు ఆలోచించాడు. నా కుడికాలు గేటు లోపల, ఎడమకాలు బయట ఉంది. చివరికి బరువంతా ఎడమకాలి మీద ఉందని తేల్చి నన్ను బయటివాడిగా ప్రకటించాడు.

వాకీటాకీలో తవిటినాయుడి గొంతు వినిపించింది.

"సారు, ఆగమన్నారేటి? దింపీమంటారా, నేదా?"

"కాస్త ఆగు నాయుడూ. చిన్న పేపరు పని."

జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అది చాలా పెద్దది. అప్పటికి నాకు తెలియదు.

*

మర్నాడు పొద్దున్నే వివాదాల శాఖ డైరెక్టర్ డాక్టర్ ఒరాంటే దగ్గరికి బయలుదేరాను. ఊళ్ళోంచి వెళుతుంటే దారిపొడవునా నేను ఇన్నాళ్ళూ శిల్పాలనుకున్నవి కనిపించాయి. నాలుగు రోడ్ల కూడలిలో తొండం ఎత్తిన తవ్వకం యంత్రం, దాని తొండం కొసన పిట్టగూడు. సగం గోడ దగ్గర ఆగిన తోపుడుబండి, అందులో రాయిలా గట్టిపడిన సిమెంటు. డ్రైవర్ని అడిగితే, శిల్పాలు కాదు సార్, వివాదాలు అన్నాడు.

ఒరాంటే సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉంటాడు. కుర్చీ చూపించి, మా దేశంలో విదేశీ కాంట్రాక్టరుకి ఉన్నన్ని రక్షణలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవని మొదలుపెట్టాడు. అందులో మొదటి రక్షణ, స్నేహపూర్వక దశ. ఇరుపక్షాలూ స్నేహంగా ఉన్నారని శాఖకి నమ్మకం కుదిరాకే కేసు ముందుకి కదులుతుంది.

ఆ దశ కొన్ని వారాలు నడిచింది. నేనూ బెలూకో రోజూ సాయంత్రం ప్రభుత్వ ఉద్యానవనంలో, ప్రభుత్వం వేయించిన బెంచీ మీద, ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ ఎదుట కూర్చుని నవ్వాలి. బెలూకో మొదటిరోజే పాసయ్యాడు. నా నవ్వు మాత్రం పదేపదే తిరిగొచ్చింది. కారణం అడిగితే ఒరాంటే ఫోటో మీద వేలు పెట్టి చూపించాడు.

"మీ నవ్వులో ఒక ఆశ కనబడుచున్నది. నిజమైన స్నేహంలో ప్రతిఫలాపేక్ష ఉండరాదు."

ఆ ఆశ చావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. చచ్చాక, నా నవ్వు ఆమోదం పొందింది.

పైన తవిటినాయుడి బతుకు ఇలా ఉంది. నోటీసు నా చేతికందిన క్షణాన అతని భోజనం క్యారేజీ తాడు మీద పైకి వెళుతోంది. కాబట్టి క్యారేజీ పైకి వెళ్ళవచ్చు. కిందికి రావడం గురించి నోటీసులో లేదు. రోజుకి రెండు క్యారేజీలు వెళ్ళాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. ఊళ్ళో ఉన్న స్టీలు సామాన్ల కొట్లన్నీ ఖాళీ అయిపోయాయి. ఇక మిగతా అవసరాల గురించి ఆరోగ్యశాఖ విడిగా ఒక ఉత్తర్వు ఇచ్చింది. భోజనం చేస్తూ చదివేవాళ్ళు ఉంటారు కాబట్టి దాన్ని ఇక్కడ వివరించను.

"ఎలగున్నావు నాయుడూ?" అని అడిగాను ఒకరోజు.

"ఏటుంటాను సారు. కాళ్ళు సాపుకుందారంటే సోటు నేదు. కేరేజీల మజ్జిన నానూ ఓ కేరేజీనాగున్నాను. మా ఆవిడ ఫోన్ సేసి, నెలలతరబడి ఆ కుర్సీలో ఏటి సేత్తన్నావు, మంత్రిగోరివైపోనావేటి అంటంది."

"ఏమన్నావు?"

"మంత్రిగోరైతే దిగనంటాడే, నాను దిగుతానంటన్నానని సెప్పినాను."

నవ్వాను. ఆమోదం పొందిన నవ్వు కాదది.

క్రేన్ కింద తుపాకీతో కాపలావాడు ఒకడు తిరుగుతున్నాడు. మనవాడు నిచ్చెన మీద కాలు పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

స్నేహం ధ్రువీకరణ కాగానే పరుగున ఒరాంటే దగ్గరికి వెళ్ళాను. ఆయన లేచి కరచాలనం చేశాడు. ఇక ముగ్గురు న్యాయమూర్తుల మండలి విచారణే తరువాయి అన్నాడు.

ఎప్పుడు అని అడిగాను. మీరెప్పుడంటే అప్పుడే అన్నాడు. ఎక్కడ అని అడిగాను.

"చట్టము స్పష్టముగా ఉన్నది. ఈ సంవత్సరము నుండి నిర్మాణ వివాదములన్నియు వివాద పరిష్కార భవనములో, పైకప్పు కింద మాత్రమే విచారింపబడవలెను."

ఆ భవనం మేం కడుతున్నదేనని గుర్తుచేశాను. తెలుసన్నాడు. దానికి పైకప్పు లేదని గుర్తుచేశాను. అదీ తెలుసన్నాడు. పైకప్పు దూలం గాలిలో ఉందని, వివాదం తేలితేగాని దూలం దిగదని, దూలం దిగితేగాని కప్పు రాదని, కప్పు వస్తేగాని వివాదం తేలదని చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకున్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అభినందనలు. సమస్య ఎచ్చట ఉన్నదో మీరు కచ్చితముగా గుర్తించినారు. అధికశాతం కాంట్రాక్టర్లు ఈ స్థాయికి చేరుకోరు."

*

రాజమండ్రి నుంచి చైర్మన్ గారు ఫోన్లో చాలాసేపు అరిచారు. కంపెనీ పేరు, దేశం పరువు, సిద్ధాంతి జాతకం, అన్నీ వచ్చాయి. చివరికి హైదరాబాదు నుంచి ఒక లాయర్ని పంపారు.

ఆమె పేరు తురగా వసుంధర. నలభై దాటిన మనిషి, చేతిలో ఒక చిన్న సంచీ, కాళ్ళకి నడిచే బూట్లు. వచ్చిన రోజునే గేటు దగ్గర నిలబడి పైకి చూసింది. తవిటినాయుడు పైనుంచి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

"ఆయన దిగడం ముఖ్యమా, కేసు గెలవడం ముఖ్యమా ప్రభాకరం గారూ? ముందే చెప్పేయండి. రెండింటికీ దారులు వేరు," అంది.

"ఆయన దిగాలండీ."

"చైర్మన్ గారు కేసు గెలవాలన్నారు."

"చైర్మన్ గారు కింద ఉన్నారు కదండీ."

ఆమె మొదటిసారి నవ్వింది.

తొందరపడాల్సిన కారణం ఒకటి అప్పటికే దాపురించింది. ఆ ద్వీపానికి ఏడాదికోసారి సముద్రం మీంచి పెద్దగాలి వస్తుంది. వచ్చే వారమే రావచ్చని వాతావరణశాఖ హెచ్చరించింది. మామూలుగా అయితే పెద్దగాలికి ముందు కొక్కేనికున్న బరువు దించేసి, క్రేన్ చేతిని గాలివాటుకి వదిలేస్తాం. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది, ప్రమాదం ఉండదు. అంత దూలం వేలాడుతుండగా గాలి కొడితే మాత్రం క్రేన్ మొత్తం పడిపోతుంది. క్యాబిన్‌తో సహా.

ఈ విషయం భద్రతాశాఖకి రాశాం. భద్రతాశాఖ ఎంత వేగంగా స్పందించిందో చెప్తే నమ్మరు. వేలాడే బరువు కింద మనుషులు ఉండకూడదన్న నియమం ప్రకారం చుట్టుపక్కల వీధులన్నీ ఖాళీ చేయించింది. బడి మూయించింది. కోళ్ళని కూడా తరలించింది. పైనున్న మనిషి దూలం కింద లేడు గనక, అతను తమ పరిధిలోకి రాడని రాసింది.

వసుంధర గారు ముందు మర్యాదైన దారి ప్రయత్నించింది. కప్పు లేకపోతే షామియానా వేస్తాం, మన పెళ్ళిళ్ళకి వేసినట్టు, దాని కింద విచారణ జరపండి అని అర్జీ పెట్టింది. షామియానా వేయాలంటే స్థలంలో గుంజలు పాతాలి, గుంజ పాతితే స్థలం మారుతుంది, అది నేరం అని బెలూకో అభ్యంతరం చెప్పాడు. పైగా మా స్నేహం మీద మచ్చపడిందని బాధపడ్డాడు. ఆ మధ్యాహ్నం కూడా క్యాంటీన్‌కి వచ్చి పులుసు తిన్నాడు. బాధలో రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ రాత్రి గడిచాక పొద్దున్నే వసుంధర గారు నన్ను పిలిచి అడిగింది.

"ఈ దేశంలో ఏ శాఖైనా పని చేస్తుందా? అంటే, త్వరగా?"

ఆలోచించాను. వలస శాఖ ఒక్కటే అన్నాను. పర్మిట్ గడువు దాటిన విదేశీయుడిని మర్నాడే పట్టుకుని విమానం ఎక్కిస్తారు. కమిషనర్ స్వయంగా వస్తాడు, టీవీ వాళ్ళని వెంటబెట్టుకుని మరీ వస్తాడు.

"తవిటినాయుడు పర్మిట్ ఎప్పటిదాకా ఉంది?"

పైన కూర్చుని పునరుద్ధరణ దరఖాస్తు మీద వేలిముద్ర వేయడానికి వీల్లేక అది వారం కిందటే అయిపోయింది. నేను దాచిపెడుతూ వస్తున్నాను.

"దాచకండి. ఫిర్యాదు చేయండి," అందామె.

*

మా ఆపరేటర్ మీద మేమే ఫిర్యాదు చేశాం. దేశబహిష్కార ఉత్తర్వు అదేరోజు చేతికొచ్చింది. ఈ మనిషిని తక్షణం ప్రభుత్వ ఖర్చుతో దేశం దాటించవలెను అని కమిషనర్ సంతకంతో ఉంది. ఆ దేశంలో మాకొచ్చిన ఉత్తర్వులన్నిటిలో, పాటించాలని మనసారా అనిపించింది ఆ ఒక్కటే. వసుంధర గారు దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దుటినుంచీ ఆకాశం సీసం రంగులో ఉంది. గాలి అప్పుడప్పుడు ఒక చరుపు చరిచి ఆగుతోంది. చరిచినప్పుడల్లా పైన దూలం అర అడుగు అటూ ఇటూ ఊగుతోంది.

కమిషనర్ మూడు టీవీ బళ్ళతో దిగాడు. భారీ మనిషి, భారీ మీసం. కాపలావాడు తుపాకీ అడ్డం పెడితే, వలసచట్టానికి హద్దులు లేవని వాణ్ణి పక్కకి తోసి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. కెమెరాలు తిరుగుతున్నాయి. నాలుగో అంతస్తు ఎత్తుకి వెళ్ళాడు.

అప్పుడు విజిల్ మోగింది.

బెలూకో క్యాంటీన్లోంచి చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. వివాదస్థలంలో ఒక శాఖ మరొక శాఖకి అడ్డుతగలడం కూడా వివాదమే. ఊదారంగు నోటీసు రాశాడు. నోటీసు ప్రతివాది చేతికి అందాలి, అందితేగాని చెల్లదు. ప్రతివాది నిచ్చెన మీద ఉన్నాడు. ఒక్క క్షణం తటపటాయించి, నోటీసు పళ్ళతో కరుచుకుని బెలూకో కూడా ఎక్కాడు. ఎక్కి కమిషనర్ బూటు కింద ఆగి, చెయ్యి చాపి నోటీసు అందించాడు. కమిషనర్ అలవాటు కొద్దీ అందుకున్నాడు.

అంతే. రెండో వివాదం ప్రారంభమైంది. మేమూ టీవీ వాళ్ళూ గేటు బయటే ఉన్నాం కాబట్టి బతికిపోయాం.

బెలూకో దిగబోయి, ఒక మెట్టు దిగక ముందే ఆగిపోయాడు. నోటీసు అందిన క్షణాన తను ఎక్కడున్నాడో ఆయనకి అప్పుడు తట్టింది. నా వైపు చూశాడు. ఆ చూపులో కొంచెం ఆశ ఉంది. స్నేహంలో అది ఉండకూడదని మాకు నేర్పింది వాళ్ళే.

"బెలూకో గారూ, కదలకండి. చట్టం," అన్నాను.

"నోటీసు ఉపసంహరించుకుంటాను."

"ఉపసంహరణ కూడా మార్పే కదండీ," అంది వసుంధర గారు, చాలా మర్యాదగా.

ఒరాంటే వచ్చాడు. పరిస్థితి చూసి, దీనికి స్నేహపూర్వక దశ తప్పనిసరి అనబోయి, గాలి చరుపుకి టోపీ ఎగిరిపోవడంతో ఆగాడు. కాసేపట్లో వివాదాల శాఖ మంత్రిగారు వచ్చారు. కమిషనర్ ఆయనకి స్వయానా బావమరిది. ఈ సంగతి వసుంధర గారికి ముందే తెలుసని నాకు తర్వాత తెలిసింది.

మంత్రిగారు నిచ్చెన వైపు చూశారు. పైన మా వాడు ఇన్ని నెలలుగా వేలాడుతున్నా ఆ శాఖకి తోచని మార్గాలన్నీ, బావమరిది వేలాడిన గంటలోపల తోచాయి. రెండో వివాదం మొదటి వివాదం మీద ఆధారపడి ఉంది కాబట్టి ముందు మొదటిది తేలాలి. తేలాలంటే కప్పు కావాలి. ఒరాంటే జీపు బానెట్ మీద కాగితం పెట్టి అప్పటికప్పుడు ఉత్తర్వు రాశాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, వివాద పరిష్కార భవనమునకు శాశ్వతమైన కప్పు అమరువరకు, ఆకాశమును తాత్కాలిక కప్పుగా పరిగణించవలెను."

క్యాంటీన్లోంచి మూడు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. వాటి వెనకే ముగ్గురు న్యాయమూర్తులు వచ్చారు. స్థలంలో అడుగుపెడితే వాళ్ళు కూడా ఇరుక్కుంటారు కదా అని ఎవరో అడిగారు. న్యాయమూర్తులు స్వభావరీత్యా కదలనివారు గనక వాళ్ళకి మినహాయింపు ఉందని ఒరాంటే చెప్పాడు.

వాదనలు పెద్దగా లేవు. ప్రధాన న్యాయమూర్తి బైనాక్యులర్స్‌తో దూలాన్ని చూసి, అది రంగు కాదు పొడి అన్నాడు. రెండో ఆయన, పొడి దుమ్ముతో సమానం అన్నాడు. ఒప్పందంలో దుమ్ము ప్రస్తావన లేదని మూడో ఆయన వెతికి చెప్పాడు. వివాదం లేదు. దూలం, ఆపరేటర్, క్రేన్ విముక్తం. సంతకాలు అయ్యాయి.

"ఇక రెండవ వివాదము," అన్నాడు ప్రధాన న్యాయమూర్తి. "దానికి ముందు టీ."

గాలి ఈసారి చరిచి ఆగలేదు. ఈడ్చిపెట్టి కొట్టింది. క్రేన్ ఎముకలు విరిగినట్టు మూలిగింది. దూలం ఒక వైపుకి సాగి, వెనక్కి వచ్చి, మళ్ళీ సాగింది. నిచ్చెన మీది ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

వాకీటాకీ గరగరలాడింది.

"సారు, గాలొచ్చీసింది. బేగి సెప్పండి. దింపీమంటారా?"

నోరు తెరిచేలోగా ఒరాంటే నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఉత్తర్వు రాసిన మనిషి కదా, అందులో ఏం రాశాడో అందరికన్నా ముందు ఆయనకే తట్టింది. శాశ్వతమైన కప్పు అమరువరకే ఆకాశం కప్పు. దూలం స్తంభాల మీద కూర్చున్న క్షణాన ఆకాశం హోదా పోతుంది. ఆ తర్వాత విచారణలన్నీ ప్రారంభోత్సవం అయిన భవనంలోనే జరగాలి. భవనం ప్రారంభోత్సవం వచ్చే ఏడు జాతీయ దినోత్సవానికి. అంతవరకు రెండో వివాదాన్ని వినేవాళ్ళు లేరు.

"కొద్దిసేపు," అన్నాడు ఒరాంటే. "న్యాయమూర్తులు టీ ముగించువరకు. మీ ఆపరేటర్ ఇన్ని నెలలు ఓపికపట్టినాడు."

నిచ్చెన మీంచి బెలూకో కూడా అన్నాడు, "ప్రభాకరం, మనం స్నేహితులం."

అది నిజమే. ధ్రువీకరించారు.

పైకి చూశాను. క్యాబిన్ అద్దం వెనక తవిటినాయుడి ముఖం అరచేతంత కనిపిస్తోంది. అతని చెయ్యి లీవర్ మీద ఉంది. ఇన్ని నెలల్లో అతను ఒక్కసారి కూడా నా మాట కాదని కదల్లేదు. ఇప్పుడు కూడా నా మాటకే చూస్తున్నాడు. ప్రధాన న్యాయమూర్తి టీలో పంచదార తక్కువైందని చెంచా అడుగుతున్నాడు.

"దించు నాయుడూ," అన్నాను.

దూలం కదిలింది. ఇన్నాళ్ళ తర్వాత కదిలేసరికి, కింద ఉన్నవాళ్ళంతా తప్పు జరుగుతున్నట్టు ఒక అడుగు వెనక్కి వేశారు. గాలి దాన్ని పక్కకి లాగుతోంది. నాయుడు లాగనిచ్చాడు, తిరిగి వచ్చేదాకా ఆగాడు, వచ్చీరాగానే ఒక మూర దించాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ దించాడు. మా ఫిట్టర్లు స్తంభాలెక్కి తాళ్ళు అందుకున్నారు. ఒక కొస కూర్చుంది. రెండో కొస స్తంభాన్ని రాసుకుంటూ నిప్పురవ్వలు రాల్చి, తప్పిపోయి, మళ్ళీ వచ్చింది. ఢమాలున కూర్చుంది. నేల అదిరింది.

కొక్కెం వదిలింది. క్రేన్ చెయ్యి గాలివాటుకి తిరిగి, మూలగడం మానేసింది.

పెలాంగో వివాద పరిష్కార భవనానికి కప్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి పైకి చూసి, టీ కప్పు కింద పెట్టి, ఫైలు మూసేశాడు.

తవిటినాయుడు క్యాబిన్ తలుపు తీశాడు. కాళ్ళు నిలవక కొంతసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టాడు. నాలుగో అంతస్తు ఎత్తున దారి లేదు. కమిషనర్ ఉన్నాడు.

"నిన్ను అరెస్టు చేస్తున్నాను," అన్నాడు కమిషనర్, రెండు చేతులతో నిచ్చెనని కావలించుకుని.

"అలగే సేద్దురు బాబూ. కిందకొచ్చి సెయ్యండి," అని నాయుడు నిచ్చెన పక్కనున్న కడ్డీలు పట్టుకుని ఆయన్ని దాటాడు. కింద బెలూకో ఉన్నాడు. నాయుడి కాలు చోటు కోసం వెతుకుతుంటే, బెలూకో చెయ్యి తనంతట తనే పక్కకి జరిగి చోటిచ్చింది. జరిగాక ఆ చేతి వైపు బెలూకో భయంగా చూశాడు. తుపాకీ కాపలావాడు చూడనట్టు తల తిప్పుకున్నాడు.

నాయుడు ఆయన పక్కన ఆగి, నెమ్మదిగా అన్నాడు. భాష తెలియకపోయినా ఆ మాటలు అర్థంకాని మనిషి ఉండడు.

"మీరూ దిగీండి బాబూ. సెయ్యి కదిపీసినారు కదా, ఏటయ్యింది? ఏటీ అవనేదు."

బెలూకో కిందికి చూశాడు. మంత్రిగారు ఒరాంటేని చూశారు. ఒరాంటే న్యాయమూర్తులని చూశాడు. న్యాయమూర్తులు కెమెరాలని చూశారు. బెలూకో పక్కకి జరిగిన చేతిని జాగ్రత్తగా మళ్ళీ పాత చోటుకి తెచ్చి పెట్టాడు. మెట్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నాయుడు నేలమీద కాలు పెట్టి అక్కడే చతికిలబడ్డాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు. నేనూ వసుంధర గారూ చెరోవైపు పట్టుకుని లేవదీసి కారు దగ్గరికి నడిపించాం. ఆమె సంచీలోంచి బహిష్కార ఉత్తర్వు తీసి డ్రైవర్‌కి చూపించి, ఎయిర్‌పోర్టు అంది. చినుకులు మొదలయ్యాయి. మంత్రిగారి కోసం ఎవరో గొడుగు తెచ్చారు. ఒక్కటే తెచ్చారు.

కారు కదిలాక నాయుడు వెనకద్దంలోంచి చాలాసేపు చూశాడు. తుపాకీవాడు కూడా వానకి క్యాంటీన్లోకి వెళ్ళిపోయాడు. నిచ్చెన కింద ఎవరూ లేరు. పైన ఇద్దరు పెద్దమనుషులు మాత్రం తడుస్తూ, కదలకుండా, చాలా క్రమశిక్షణగా ఉన్నారు.

"సారు, నన్నంటే తుపాకీ అట్టుకుని ఆపినారు," అన్నాడు నాయుడు. "ఆళ్ళని ఎవులాపుతన్నారు?"

వసుంధర గారు అద్దం పైకెత్తి, డ్రైవర్ని కొంచెం తొందరగా పొమ్మంది.